నేల అందని హార్న్

మా బాబాయి మనుషుల్ని తిట్టడు. వస్తువుల్ని తిడతాడు.

గుమ్మం తలకి తగిలితే అక్కడే నిలబడి గుమ్మాన్ని నిలదీస్తాడు. "పొద్దున్నా సాయంత్రం నన్ను చూస్తూనే ఉన్నావు. నా ఎత్తెంతో నీకు తెలీదా? కాస్త పైకి జరిగితే నీ సొమ్మేం పోయింది?" అంటాడు. చెప్పు తెగితే రెండో చెప్పుని కూడా కలిపి తిడతాడు, పక్కనే ఉండి ఆపనందుకు. పంచదార డబ్బా మూత రాకపోతే దాన్ని బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నీ ఉద్దేశమేమిటో చెప్పు, ఇవాళ తేల్చుకుందాం" అంటాడు. కోపం తక్కువగా ఉన్నంతసేపూ "నువ్వు" అంటాడు. ముదిరితే "మీరు" అంటాడు. "తమరు" దాకా వచ్చిందంటే ఇంట్లోవాళ్ళం మెల్లగా పక్కగదిలోకి జారుకుంటాం.

ఇలాంటి మనిషికి వృత్తి కూడా తగినదే దొరికింది. ఒక పాత పికప్ ట్రక్కు పెట్టుకుని, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి చేరవేస్తుంటాడు. అంటే పొద్దస్తమానం ఆయన చుట్టూ ఉండేవి వస్తువులే. మెట్ల మలుపులో ఇరుక్కున్న బీరువాతో ఆయన జరిపే సంభాషణ వినడానికి అపార్టుమెంటు జనం తలుపులు తీసుకుని వస్తారు. "బీరువాగారూ, లోపలికి వెళ్ళేటప్పుడు ఈ మెట్లమీదుగానే కదా వెళ్ళారు? అప్పుడు పట్టిన ఒళ్ళు ఇప్పుడెందుకు పట్టదు? ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కూర్చుని తిన్నారా?" అని అడుగుతాడు. బీరువా సమాధానం చెప్పదు గానీ, ఎలాగో ఆ మలుపు తిరుగుతుంది.

నాకు ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను బీమా కంపెనీలో పనిచేస్తాను. రెండు బళ్ళు గుద్దుకుంటే వెళ్ళి చూసి, తప్పు ఎవరిదో తేల్చి చెప్పడం నా పని. తప్పుకి ఒక పేరుండాలి. ఎవరిదీ కాని తప్పంటే నాకు అన్నం సయించదు. మా బాబాయి నన్ను "జడ్జిగారూ" అని పిలుస్తాడు. వాళ్ళ పైవాటాలోనే అద్దెకుంటున్నాను గనక రోజూ పిలిపించుకోక తప్పదు.

ఒకసారి సెలవురోజున సరదాగా ఆయన వెంట వెళ్ళాను. ఎవరిదో నిలువుటద్దం. సామాన్లెత్తే మనిషి పక్కకి చూస్తూ దాన్ని బండి అంచుకి కొట్టాడు. అద్దం భళ్ళుమంది. ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చేసింది. సామాన్లెత్తే మనిషి మొహం పాలిపోయింది. మా బాబాయి మాత్రం అద్దం ముక్కల ముందు గొంతుక్కూర్చుని, "అద్దానివై ఉండి ఎదురుగా ఏముందో చూసుకోవద్దా నువ్వు? లోకంలో అందరి మొహాలూ చూస్తావే, ఇంత బండి నీకు కనబడలేదా?" అని మొదలుపెట్టాడు. ఇంటావిడ ముందు తెల్లబోయింది, తర్వాత నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. వేరే అద్దం బాబాయే కొనిచ్చాడనుకోండి. నాకు మాత్రం ఊపిరాడలేదు.

"బాబాయ్, అద్దాన్ని పడేసింది ఆ మనిషి."

"అని అద్దం చెప్పిందా?"

"నేను చూశాను."

"నువ్వు చూసింది పడటం. పడెయ్యడం నీకెక్కడ కనబడింది?"

"రెండూ ఒకటే."

"మీ కంపెనీలో ఒకటేనేమోనమ్మా. మా బండిలో కాదు."

ఇలాంటి మనిషితో వాదించడం గాలిని మూటగట్టడమే. ఆ రోజుకి నోరు మూసుకున్నాను. కానీ మనసులో మాత్రం, ఎప్పటికైనా ఈయన చేత ఒక్క తప్పుకైనా మనిషి పేరు చెప్పించాలని పంతం పట్టాను. ఆ అవకాశం హార్న్ రూపంలో వచ్చింది.

బాబాయి బండి పేరు "మహాతల్లి". పేరు పెట్టింది ఆయనే, తిట్టడానికి వీలుగా. దాని వయసెంతో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పాత బళ్ళు రోడ్డు మీద తిరగాలంటే తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళి చూపించి, అన్నీ బాగున్నాయనిపించుకోవాలి. ఈసారి ఆఫీసరు రెండు వంకలు పెట్టాడు. బండి ముందుభాగమంతా తుప్పు. హార్న్ నొక్కితే జలుబు చేసినవాడు ముక్కు చీదినట్టు ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతోంది. వచ్చే సోమవారానికి రెండూ సరిచేసుకుని రమ్మన్నాడు, లేకపోతే బండి ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. బండి కదిలితేనే ఆ ఇల్లు గడిచేది. మా పిన్ని ఆ రాత్రి కూర మాడబెట్టింది. బాబాయి మూకుడుని తిట్టాడు.

తుప్పు విషయం పిన్ని వాళ్ళ నాన్న చూసుకుంటానన్నాడు. ఆయన కూతురి దగ్గరే ఉంటాడు. నేనూ తాతగారూ అనే పిలుస్తాను. ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. తర్వాత అచ్చేసిన బ్యానర్లు వచ్చాయి, ఈయన కుంచెలు అటకెక్కాయి. ఆ పైన చెయ్యి కూడా కొంచెం వణకడం మొదలుపెట్టింది. అప్పటినుంచీ ముందుగదిలో కూర్చుని, సబ్బు పెట్టెల మీదా బిస్కట్ పాకెట్ల మీదా అక్షరాలు చూసి, "దీన్ని అక్షరం అంటారా, దీనికి నడుమేదీ?" అని బాధపడుతుంటాడు.

"నాన్నా, నీ చెయ్యి వణుకుతోంది, వద్దు" అంది పిన్ని.

"వణికేది చెయ్యి. కుంచె కాదు."

"మా మామగారికంటే ఎవరేస్తారే?" అన్నాడు బాబాయి. "ఆ మహాతల్లి మొహానికి ఆయన చెయ్యి తగలడమే ఎక్కువ."

తాత తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "ఈ ఒక్కటీ చూస్తాను అల్లుడూ. దీన్లో ఏ తేడా వచ్చినా నా పనైపోయినట్టే. డబ్బాలూ కుంచెలూ పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఇక వాటి వంక చూడను."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. పిన్ని మాత్రం తల తిప్పుకుంది. ఈ ఏడాదిలో ఆయన నోటివెంట పని అనే మాట రావడం అదే మొదటిసారి అని తర్వాత నాకు చెప్పింది.

ఆయన వేసిన రంగు గురించి చెప్పకుండా ముందుకి పోలేను. ముందున్న జాలీ ఊడదీసి, తుప్పంతా గీకి, ఎర్రపూత పూసి, ఆరాక నీలం వేశాడు. బానెట్టులో మొహం చూసుకుని పక్కింటాయన తల దువ్వుకున్నాడు. జాలీ వెనక బయటికి కనబడని ఇనప ప్లేట్లకి కూడా, ముందూ వెనకా, బోల్టు వెళ్ళే కంతల లోపల కూడా, నల్లరంగు పూత మీద పూత వేశాడు. "ఎవరూ చూడరుగా తాతగారూ" అన్నాను నేను. "మనుషులు ముందువైపు చూస్తారమ్మా. తుప్పు వెనకవైపు చూస్తుంది" అన్నాడు. బోర్డులు రాసేటప్పుడు కూడా వెనకవైపు రంగు వెయ్యకుండా గోడకి ఎక్కించేవాడు కాదట. ఈ కాలంలో ఎవడికుంది అంత పట్టింపు, అని మెచ్చుకుని పైకి వెళ్ళిపోయాను.

తనిఖీకి ముందు రోజు, ఆదివారం, బాబాయి కొత్త హార్న్ కొనుక్కొచ్చాడు. ఎర్రటి మూతి, పక్కన ఒక్క వైరు తగిలించే చోటు. పాతది ఊడదీసిన చోటే ఆ నల్లరంగు ప్లేటుకి బోల్టేసి బిగించాడు, వైరు తగిలించాడు, బానెట్టు ఎత్తిపెట్టి నిలబడ్డాడు. తాత తన రంగు పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. పిన్ని చిక్కుడుకాయల పళ్ళెంతో సహా డ్రైవరు సీట్లోకి ఎక్కింది, నొక్కడానికి.

"నొక్కనా?"

"నొక్కు."

"నొక్కాను."

"ఏదీ, వినబడలేదు."

"నొక్కిన చప్పుడు వినబడదండీ. హార్న్ చప్పుడే వినబడాలి."

"గట్టిగా నొక్కు."

"ఇంకా గట్టిగా నొక్కితే స్టీరింగు మీ చేతికొస్తుంది."

హార్న్ కిక్కురుమనలేదు. బాబాయి దాని వైపు వంగి, మొదటి రోజే కదా అని కాస్త మెత్తగానే అడిగాడు. "కొత్తచోటు, సిగ్గుపడుతున్నావా?" సిగ్గు కాదని తేలాక ఊడదీసి కొన్న షాపుకి పట్టుకెళ్ళాడు. నేనూ వెంటపడ్డాను, తప్పు షాపతనిదే అని నా అనుమానం. అతను హార్న్ని బల్ల మీద బ్యాటరీ పక్కన పెట్టి, రెండు వైరుముక్కలు ఆనించాడు. అది ఒక్క అరుపు అరిచింది. వీధిలో పోయేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

"దీనికేం రోగం సార్, గుక్కపట్టి ఏడుస్తోంది" అన్నాడు అతను.

ఇంటికి తెచ్చి బిగిస్తే మళ్ళీ మౌనం. ఇక బాబాయి ఊరుకుంటాడా. "అక్కడ అరిచి ఇక్కడ నోరు మూసుకుంటావా? షాపువాడి ముందు నన్ను వెర్రివాణ్ణి చేస్తావా? ఇంట్లో పులి బయట పిల్లి అయితే విన్నాను గానీ, బయట పులివై ఇంట్లో పిల్లివి అయ్యేదాన్ని నిన్నే చూస్తున్నాను" అన్నాడు. మళ్ళీ షాపుకి వెళ్ళి దాన్నిచ్చేసి వేరే హార్న్ తెచ్చాడు. అదీ అక్కడ అరిచింది, ఇక్కడ అరవలేదు. "వీళ్ళిద్దరూ మాట్లాడుకుని వచ్చారు" అన్నాడు బాబాయి.

"కొత్త సరుకు అంతే అల్లుడూ. చూపుకే" అన్నాడు తాత, తన రంగు మీద వాలిన ఆకుని జాగ్రత్తగా తీస్తూ.

తర్వాత విచారణ మొదలైంది. ఫ్యూజు తీసి ఎండలో పెట్టి చూశాడు, అందులో సన్నతీగ తెగలేదు. పిన్ని నొక్కినప్పుడల్లా బానెట్టు కింద, హార్న్కి కరెంటు వదిలే చిన్న రిలే డబ్బా టిక్కుమంటోంది. "చూశావా, ఇంత చిన్నది, నలుగురికీ వినబడకపోయినా తన మాట తను చెబుతోంది. నీకేం వచ్చింది?" అని హార్న్కి దాన్ని చూపించాడు. టెస్టులైటు పట్టుకొచ్చి, దాని క్లిప్పు బ్యాటరీకి పెట్టి, మొన హార్న్ దగ్గరికొచ్చే వైరుకి ఆనిస్తే లైటు చక్కగా వెలిగింది. అంటే కరెంటు హార్న్ మూతి దాకా వస్తోంది.

"విస్తరేసి వడ్డించాం. చెయ్యి కడుక్కుని తినడానికి మీకేమిటండీ కష్టం?" అన్నాడు బాబాయి.

"మీరు" వచ్చేసింది. పిన్ని చిక్కుడుకాయలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడొక చిన్న సంగతి జరిగింది. బాబాయి తిడుతూ తిడుతూ ఠక్కున ఆగాడు. హార్న్ బిగించిన ప్లేటు మీద బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తల తిప్పి కుర్చీలో ఉన్న మామగారి వంక చూశాడు. మళ్ళీ హార్న్ వైపు తిరిగి అంతకు రెండింతలు గొంతు పెంచాడు. "తమరి వంశంలో ఎవరికైనా గొంతుందా అసలు?" అన్నాడు. నిరాశలో ఉన్నాడనుకుని నేను పట్టించుకోలేదు.

సాయంత్రమైపోతోంది. తెల్లవారితే తనిఖీ. బాబాయి డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగుతో ఏదో గొణుగుతున్నాడు. నాకు కోపం వచ్చింది. ఇలా తిట్టుకుంటూ కూర్చుంటే బండి రోడ్డెక్కుతుందా? నేనే చూస్తానని చేతులు పైకి మడిచాను. ఎన్ని బళ్ళు చూడలేదు నేను. షాపతను చేసిన పని గుర్తొచ్చింది. అతను రెండు వైర్లు ఆనించాడు, ఒకటి హార్న్ మూతికి, ఒకటి దాని ఒంటికి. మా బండిలో ఉన్నది ఒక్కటే. మరి రెండోదేదీ?

రెండో వైరు పని బండి ఒళ్ళే చెయ్యాలి. హార్న్ ఇనుము బండి ఇనుముకి తగిలితేనే వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి పోతుంది. మెకానిక్కులు దాన్ని ఎర్త్ అంటారు. మా బాబాయి నేల అంటాడు. ఒక వైరుముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్కి క్లిప్పు పెట్టి, రెండో కొస హార్న్ ఒంటికి పెట్టాను.

"బాబాయ్, నొక్కు."

హార్న్ అరిచింది. పక్కింటాయన దువ్వెన జారవిడిచాడు. నేను తాళంచెవితో ప్లేటు అంచున గీకి చూశాను. నల్లరంగు. దాని కింద నల్లరంగు. దాని కింద ఇంకో నల్లరంగు, ఆ తర్వాత ఎర్రపూత. ఇనుము ఎక్కడో పాతాళంలో ఉంది, రంగులోంచి కరెంటు పోదు. బోల్టుకీ దారి లేదు, కంతలో కూడా రంగే. పొద్దుటినుంచీ ఇద్దరు హార్న్లు, ఒక షాపతను, ఒక ఫ్యూజు, ఒక రిలే అనవసరంగా అనుమానానికి గురయ్యారు. తప్పుకి పేరు దొరికింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ళకి మా బాబాయికి ఒక మనిషిని చూపించబోతున్నాను.

"దొరికింది బాబాయ్. ఇది హార్న్ తప్పు కాదు. ఇదంతా తా—"

బాఁ.

ఉలిక్కిపడ్డాను. బానెట్టు పక్కనుంచి తొంగిచూస్తే బాబాయి చెయ్యి హార్న్ మీదే ఉంది.

"అబ్బ, ఉండు బాబాయ్, చెప్పేది విను. ఈ ప్లేటు మీద రం—"

బాఁ. ఈసారి ఇంకా పొడుగ్గా.

"ఏమంటోంది అమ్మాయి?" అని చెవి ముందుకి పెట్టాడు తాత.

బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "హార్న్కి నేల అందడం లేదట మామగారూ."

"అదేమిటి, బండి నేల మీదే ఉందిగా?"

"బండి ఉంది. ఈ మహానుభావుడికే కాళ్ళు నేల మీద లేవు. కొత్త సరుకు కదా, ఒళ్ళంతా పొగరు."

"నే చెప్పలేదూ, చూపుకేనని" అన్నాడు తాత తృప్తిగా.

నేను మళ్ళీ నోరు తెరిచాను. హార్న్ మళ్ళీ మోగింది. ఆ సాయంత్రం మా వీధిలో వాళ్ళు ఏమనుకున్నారో తెలీదు గానీ, నేను ఎన్నిసార్లు వాక్యం మొదలుపెట్టానో అన్నిసార్లూ అది మోగింది. చివరికి బాబాయి దిగొచ్చి, నా మోచెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళాడు.

"నీకు ముందే తెలుసు కదా?" అన్నాను కోపంగా.

"తెలిస్తే?"

"గరుకుకాగితం పెట్టి ఆ ప్లేటు కాస్త గీకితే అయిపోయే పని. ఒక్క క్షణం."

"గీకుతుంటే ఆయన చూడడా? నా రంగెందుకు గీకుతున్నావు అల్లుడూ అని అడగడా?"

"అడగనీ. చెప్పు. తప్పు తప్పే కదా."

"ఎవరిది?"

"తాతగారిది."

"ఏం చేశాడాయన? ఎవరూ చూడని చోట కూడా ఒళ్ళు దాచుకోకుండా పని చేశాడు. మీ కంపెనీ కాగితాల్లో దాన్నేమని రాస్తారో చెప్పండి జడ్జిగారూ."

నేను వెతుక్కున్నాను. నిర్లక్ష్యం అనడానికి లేదు. తొందరపాటు అసలే కాదు. నా ఉద్యోగంలో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు. సరిపోలేదన్నందుకు ఇంకా కోపం వచ్చింది.

"మరి హార్న్ చేసిందేమిటి, పొద్దుటినుంచీ తిడుతున్నావు?"

"ఏమీ చెయ్యలేదు. కానీ దాన్నెంత తిట్టినా రాత్రికి అన్నం మానెయ్యదు కదమ్మా."

అంతే అన్నాడు. నాకు ఆ అద్దం గుర్తొచ్చింది, పాలిపోయిన ఆ సామాన్లెత్తే మనిషి మొహం గుర్తొచ్చింది, కూర మాడిన మూకుడు కూడా. ఇన్నాళ్ళూ ఈయన ఎవరినీ ఏమీ అనలేని మెతకమనిషి అనుకున్నాను. ఎంత జాగ్రత్తగా గురి చూసి పక్కకి కొడుతున్నాడో అప్పుడు తెలిసింది. ఏడుపొస్తే ఈయన దేన్ని తిడతాడోనని భయపడి ఆపుకున్నాను.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. రంగుకి గోరు కూడా తగలకుండా హార్న్ నట్టు కింద ఒక రింగు పెట్టి, దానికి నల్లవైరు కలిపి, జాలీ వెనకనుంచి, లైటు పక్కనుంచి, రేడియేటరు కిందనుంచి చుట్టూ తిప్పి బ్యాటరీ మైనస్ దాకా లాగాడు. నల్లరంగు మీద నల్లవైరు, చూసేవాళ్ళకి కనబడదు. నేను తాళంచెవితో గీకిన చోట వేలితో మసి పూశాడు. చేతులు రెండూ కోసుకుపోయాయి. పని చేస్తున్నంతసేపూ తిట్లు ఆపలేదు. "లోకంలో అన్ని హార్న్లూ ఒక్క వైరుతో కాపరం చేస్తుంటే, తమరికి రెండో వైరు కావాలిట. పుట్టింటివాళ్ళు ఏం చూసి పెంచారు తమర్ని?" తాత పక్కన కూర్చుని ప్రతి తిట్టుకీ తల ఊపాడు. మామా అల్లుళ్ళిద్దరూ కలిసి ఒకణ్ణి తిడుతుంటే ఆ ఇంట్లో అంత సఖ్యత నేనెప్పుడూ చూడలేదు. పిన్ని వచ్చి నొక్కింది. మోగింది.

సోమవారం ఉదయం తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని బండెక్కాడు. తన రంగుని ఆఫీసరు చూస్తుంటే చూడాలిట. నేను సెలవు పెట్టి ఎక్కాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తనిఖీ కేంద్రంలో ఆఫీసరు బండి చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి, "రంగు బాగుందే" అన్నాడు. తాత నేల వంక చూస్తూ మీసం సర్దుకున్నాడు. ఆఫీసరు హార్న్ నొక్కాడు, మోగింది. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా ఆయన టార్చి తీసి జాలీ వెనక్కి వంగాడు. ఒక్కొక్కళ్ళకి ఉద్యోగం మీద ఎంత శ్రద్ధ ఉంటుందో చూస్తే ఒళ్ళు మండుతుంది.

"ఈ వైరేమిటి? హార్న్కి వేరే ఎర్త్ ఇచ్చారా?" అన్నాడు. టార్చి ఇంకొంచెం లోపలికి పెట్టాడు. "ఓహో. ఈ ప్లేటుకి ఇంత మందాన ఎవరు వేశారండీ రం—"

బాఁ.

ఆఫీసరు ఎగిరిపడ్డాడు. టార్చి రేడియేటరు కిందికి దొర్లింది. ఈసారి బాబాయి బయటే ఉన్నాడు, ఆఫీసరు పక్కనే, చేతులు కట్టుకుని. కిటికీలోంచి స్టీరింగు మీదికి వెళ్ళిన చెయ్యి నాది.

బాబాయి నా వంక చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో కదిలింది. వెంటనే హార్న్ మీదికి వంగి, "ఆఫీసరుగారు మాట్లాడుతున్నారని జ్ఞానం లేదా తమరికి? పెద్దా చిన్నా తేడా లేదా? నిన్నటిదాకా నోరే లేదు, ఇవాళ మధ్యలో దూరి మాట్లాడతారా?" అని అందుకున్నాడు.

ఆఫీసరు హార్న్నీ మా బాబాయినీ మార్చి మార్చి చూశాడు. "అది కాదండీ, నేననేది ఆ ప్లేటు మీద—"

బాఁ.

"చాలమ్మా చాలు, వినబడింది. హార్న్ బ్రహ్మాండంగా ఉంది" అని చెవి రుద్దుకుంటూ ఆఫీసరు కాగితం మీద ముద్ర వేసి మా చేతిలో పెట్టాడు. మమ్మల్ని వీలైనంత త్వరగా వదిలించుకోవాలని ఆయన మొహంలోనే తెలిసిపోతోంది.

"ఏమంటున్నాడాయన, రంగు గురించి ఏదో అన్నాడు?" అని అడిగాడు తాత.

"ఎవరు వేశారని అడిగాడు తాతగారూ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

గేటు దగ్గర వరసలో నిలబెట్టిన ఒక పాత వ్యాను డ్రైవరు మమ్మల్ని ఆపాడు. అతని బండి ముందుభాగం చూస్తే మా మహాతల్లి పెళ్ళికూతురు. "సార్, ఈ రంగెవరేశారు? నాకు తుప్పుందని వంక పెట్టి తిప్పి పంపుతున్నారు" అన్నాడు. తాత కిటికీలోంచి తల బయటికి పెట్టి, చాలాసేపు ఆ వ్యాన్ని పరీక్షగా చూసి, "రేపు ఇంటికి తీసుకురా. ముందువైపు అందరూ వేస్తారు. నేను వెనకవైపు కూడా వేస్తాను, కంతల్లో కూడా. అక్కడే ఉంది అసలు పని" అన్నాడు. డ్రైవరు దణ్ణం పెట్టి అడ్రసు రాసుకున్నాడు.

బాబాయి బండి పోనిచ్చాడు. తాత దారిపొడుగునా బోర్డులు చదువుతూ, తప్పులు పడుతూ, మధ్యలో ఒకదాన్ని మెచ్చుకున్నాడు కూడా. బజారులోకి రాగానే బాబాయి స్పేర్‌పార్ట్స్ షాపు ముందు బండి ఆపి, లోపలికి వెళ్ళి, నల్లవైరు చుట్ట ఒకటి భుజానికి తగిలించుకుని వచ్చాడు. మా బండ్లాంటివి ఒక పాతికకి సరిపోతుంది.

"ఇదంతా ఎందుకు బాబాయ్?" అన్నాను.

"ఆ వ్యాను హార్న్ని చూశానమ్మా" అన్నాడు బాబాయి సీట్లో సర్దుకుంటూ. "దాని వాలకం నాకేం నచ్చలేదు."